‘కాఫీ ఒక్కటే తాగానండీ’: ఒంటికి ఇబ్బంది లేకుండా కాఫీ తాగడం ఎలా

పొద్దున్న ఆరున్నరకి ల్యాబ్ షట్టర్ ఎత్తేసరికే మెట్ల మీద ఐదారుగురు కూర్చుని ఉంటారు. చేతికి రబ్బరు పట్టీ కడుతూ "ఏమైనా తిన్నారా అండీ?" అని అడుగుతాను. "అబ్బే, పరగడుపునే వచ్చాను. కాఫీ ఒక్కటే తాగానండీ" అంటారు. గుంటూరులో ఒక చిన్న ల్యాబ్‌లో ఇరవై రెండేళ్లుగా రక్తం తీస్తున్నాను. ఈ మాట వినని రోజు లేదు. మనవాళ్ల లెక్కలో కాఫీ తిండి కిందికి రాదు. మొహం కడుక్కోవడం ఎలాగో అదీ అంతే, నిద్ర లేవడంలో ఒక భాగం.

అందుకే కాఫీ మంచిదా చెడ్డదా అని ఎవరైనా అడిగితే నాకు జవాబు చెప్పబుద్ధి కాదు. తాగేవాళ్లు ఎలాగూ తాగుతారు. నేనూ తాగుతాను, రోజుకి రెండు. ఇన్నేళ్లు రిపోర్టులు చూశాక నాకు అర్థమైంది ఒకటే: కాఫీ మీద వేసే నిందల్లో సగం వేళ తప్పడం వల్ల వచ్చినవి. మాత్ర పక్కన, టిఫిన్ పక్కన, నిద్ర పక్కన దాన్ని ఎక్కడ పెడుతున్నాం అన్న దగ్గరే తేడా కొడుతోంది. నేను డాక్టర్ని కాను. మా ఇంట్లో ఏం చేశామో, ఏ లెక్క చూసి చేశామో అది చెబుతాను.

థైరాయిడ్ మాత్ర వేసుకునేవాళ్లు ముందు ఇది చదవండి

ఊళ్లో అందరికీ చెప్పే నేనే ఏడాదికి పైగా బోల్తా పడ్డాను. నలభై ఒకటో ఏట నాకు థైరాయిడ్ తక్కువగా ఉందని తేలింది. 50 మైక్రోగ్రాముల మాత్రతో మొదలుపెట్టారు. మూడు నెలలకి చూస్తే టీఎస్‌హెచ్ (థైరాయిడ్ తక్కువైతే రక్తంలో పెరిగే అంకె, మాత్ర పనిచేస్తే దిగాలి) పెద్దగా దిగలేదు. 75 చేశారు. మళ్లీ అంతే. 100 చేశారు. జుట్టు రాలడం ఆగలేదు, మధ్యాహ్నానికల్లా కాళ్లు పీకేవి. నా రక్తం నా పక్క సీటు అమ్మాయే తీసేది, రిపోర్టు నేనే ప్రింటు తీసుకునేదాన్ని. 9.8 అన్న అంకె చూసి మిషన్ మీదే అనుమానం వచ్చి మళ్లీ రన్ చేసిన రోజు కూడా ఉంది.

చివరికి డాక్టరుగారు అడిగారు. "మాత్ర దేనితో వేసుకుంటున్నావమ్మా?"

"నీళ్లతోనేనండీ, పరగడుపున."

"ఆ తర్వాత?"

"కాఫీ."

"ఎంతసేపటికి?"

నోరు పెగల్లేదు. ఏం చెప్పను? ఒక చేతిలో మాత్ర, ఇంకో చేతిలో పాలగిన్నె. మాత్ర గొంతు దిగేలోపు పొయ్యి మీద పాలు పొంగేవి.

ఈ మాత్రలో ఉండేది లెవోథైరాక్సిన్. అది చిన్నపేగులో నుంచి రక్తంలోకి చేరాలి. వెనకాలే కాఫీ పడితే అందులో కొంత చేరకుండానే పోతుంది. పాలలోని కాల్షియం కూడా అడ్డమే, మన కాఫీలో సగానికి పైగా పాలేగా. అంటే నేను మింగుతున్నది 100 అయినా ఒంటికి అందుతున్నది ఎంతో ఎవరికీ తెలియదు.

కాబట్టి లేవగానే మాత్ర, ఒక గ్లాసు మంచినీళ్లు. ఆ తర్వాత కనీసం అరగంట, కుదిరితే గంట, వంటింటి వైపు వెళ్లొద్దు. నేను 4:45కి అలారం పెట్టుకుని మాత్ర వేసుకుని మళ్లీ పడుకుంటాను. 5:45కి కాఫీ. మాత్రల సీసా, నీళ్ల సీసా రెండూ మంచం పక్కనే ఉంటాయి. వంటింట్లో పెట్టారంటే మళ్లీ పాత కథే. అంత పొద్దున్నే మీ వల్ల కాకపోతే, రాత్రి భోజనమైన మూడు గంటల తర్వాత వేసుకోవచ్చేమో మీ డాక్టర్ని అడగండి, కొందరికి అలాగే ఇస్తారు.

ఇక్కడో జాగ్రత్త. వేళ సరిచేశాక రెండు నెలలకి నా టీఎస్‌హెచ్ 0.3కి పడిపోయింది. గుండె దడ మొదలైంది. అదే 100 మాత్ర ఇప్పుడు పూర్తిగా ఒంటికి పడుతోంది మరి! మళ్లీ 75కి తగ్గించారు. కాబట్టి కాఫీ వేళ మార్చిన ఆరేడు వారాలకి ఒకసారి రక్తపరీక్ష చేయించుకోండి. డోసు మాత్రం సొంతంగా ముట్టుకోకండి.

మూత్రంలో ఇన్‌ఫెక్షన్ అని సిప్రోఫ్లాక్సాసిన్ రాసినప్పుడు వ్యవహారం తిరగబడుతుంది. అది కాఫీలోని కెఫీన్ కరగకుండా అడ్డుపడుతుంది, ఒక్క గ్లాసే రెండు గ్లాసుల పని చేస్తుంది. ఆ నాలుగైదు రోజులూ చేతులు వణికితే, నిద్ర పట్టకపోతే జ్వరం వల్ల అనుకోకండి. కాఫీ సగం చేయండి.

టిఫిన్ అవ్వగానే కాఫీ

మన హోటళ్లలో ఇడ్లీ ప్లేటు ఇంకా ముందుండగానే "కాఫీ తెమ్మంటారా?" అని అడుగుతాడు. ఇంట్లోనూ అదే వరస. రక్తం తక్కువ ఉన్నవాళ్లకి ఈ వరసే కొంప ముంచుతుంది.

మా అమ్మాయి హాస్టల్లో ఉండి చదువుకుంటోంది. సెలవులకి వచ్చినప్పుడు కనురెప్ప కిందికి లాగి చూస్తే తెల్లగా ఉంది. ల్యాబ్‌కి తీసుకెళ్లి చూస్తే హిమోగ్లోబిన్ 9.4. డాక్టరుగారు ఐరన్ మాత్రలు రాశారు. రెండు నెలలు వాడింది. 9.7. "వేసుకోవట్లేదు కదూ" అని నేను, "అమ్మా, ఒట్టు, రోజూ వేసుకుంటున్నా" అని అది. ఇద్దరం పోట్లాడుకున్నాం. నిజమే, రోజూ వేసుకుంటోంది, టిఫిన్ అయ్యాక, మెస్‌లో ఇచ్చే కాఫీతో. తల్లి థైరాయిడ్‌తో చేసిన తప్పే కూతురు ఐరన్‌తో చేసింది.

కాఫీలో పాలీఫినాల్స్ అనే పదార్థాలు ఉంటాయి. అవి పేగులో ఇనుముని పట్టుకుని వదలవు. తోటకూర, రాగులు, పప్పుల్లో ఉండే ఇనుము అసలే అరకొరగా ఒంటికి పడుతుంది, దాని మీద దెబ్బ ఇంకా గట్టిగా ఉంటుంది. 1983లో అచ్చయిన ఒక పాత ప్రయోగం ఉంది. భోజనంతో పాటు ఒక కప్పు కాఫీ ఇస్తే ఇనుము ఒంటికి పట్టడం 39 శాతం తగ్గింది. టీ అయితే 64 శాతం. అది మన ఇడ్లీతో చేసింది కాదు, హ్యాంబర్గర్‌తో చేసింది, అయినా నాకు అందులో నచ్చిన సంగతి వేరే ఉంది. భోజనానికి గంట ముందు తాగిన కాఫీ ఏ నష్టమూ చేయలేదు. గంట తర్వాత తాగింది మాత్రం భోజనంతో పాటు తాగినంత నష్టమూ చేసింది.

అంటే వరస తిరగేస్తే చాలు. ముందు కాఫీ, గంట ఆగి టిఫిన్. టిఫిన్ అయ్యాక గంటన్నర దాకా కాఫీ, టీ ఏవీ వద్దు. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన ఆహార సూచనల్లో కూడా భోజనానికి గంట ముందు, గంట తర్వాత కాఫీ, టీ వద్దని ఉంది. నేను వెనక వైపు ఇంకో అరగంట కలుపుకున్నాను, అంతే. ఐరన్ మాత్రకి తోడు నిమ్మకాయ నీళ్లో, ఒక జామకాయో ఉంటే ఇంకా మంచిది. సి విటమిన్ ఇనుముని లోపలికి లాగుతుంది.

అమ్మాయి మాత్ర వేళని రాత్రికి మార్చాం, నిమ్మరసంతో. మూడు నెలలకి 11.6 వచ్చింది. అవే మాత్రలు. ఒక్క మాట, తొమ్మిది కన్నా తక్కువ ఉన్నవాళ్లు కాఫీ వేళ మార్చుకుని ఊరుకోవద్దు. రక్తం ఎక్కడికి పోతోందో ముందు చూపించుకోవాలి.

పరగడుపున కాఫీ తాగితే కడుపులో మంట వచ్చేవాళ్లు ఉంటారు. వాళ్లకి నా వరస పడదు. ముందు గ్లాసు మంచినీళ్లు తాగి, గుప్పెడు మరమరాలు నోట్లో వేసుకుని కాఫీ తాగి చూడండి. అయినా మండితే టిఫిన్ తర్వాతే తాగండి. మీకు రక్తం బాగానే ఉంటే ఆ కాస్త ఇనుము పోయినా కొంప మునగదు.

మీ గ్లాసు కొలవండి

"రోజుకి ఎన్ని కాఫీలు?" అని అడిగితే అందరూ "రెండే" అంటారు. మా ఆయనా అదే అంటారు. ఒక ఆదివారం ఆయన స్టీలు గ్లాసుని సిరంజితో నీళ్లు పోసి కొలిచాను. 180 మిల్లీలీటర్లు. పైగా గ్లాసు ఖాళీ అయ్యాక "ఇంకొక్క చుక్క ఉందా?" అని చాచే చెయ్యి ఒకటి. ఆ చుక్క 60. నా గ్లాసు 120. ఆయన రెండూ, నా రెండూ ఒకటి ఎలా అవుతాయి?

తార్నాక వాళ్ల లెక్క ప్రకారం 150 మిల్లీలీటర్ల కప్పు డికాక్షన్ కాఫీలో 80 నుంచి 120 మిల్లీగ్రాముల కెఫీన్ ఉంటుంది, ఇన్‌స్టంట్‌లో 50 నుంచి 65, టీలో 30 నుంచి 65. రోజుకి 300 దాటొద్దంటారు. అమెరికా, యూరప్ వాళ్లు 400 దాకా ఫరవాలేదంటారు. గర్భిణులకైతే 200. నెలలు నిండేకొద్దీ వాళ్ల ఒంట్లో కెఫీన్ చాలాసేపు నిలిచిపోతుంది. మా ఇంట్లో అయితే ఒక్క చిన్న గ్లాసుతో ఆపమంటాను. టీ, కూల్‌డ్రింకు, చాక్లెట్ కూడా ఈ లెక్కలోకే వస్తాయి. "కాఫీ మానేసి టీకి మారాను" అని నాలుగు టీలు తాగేవాళ్లు నాకు బాగా తెలుసు.

పొడి సంగతి. రోబస్టా గింజలో కెఫీన్ అరబికాకి దాదాపు రెట్టింపు. మన అరకు కాఫీ అరబికా. 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది కూడా ఆ పేరుతోనే. చికోరీ అనేది ఒక దుంప వేరు, వేయించి పొడి చేస్తారు, అందులో కెఫీన్ అసలు లేదు. కాబట్టి నల్లగా, చిక్కగా దిగిన డికాక్షన్ అంతా స్ట్రాంగ్ అనుకోకండి, ఆ నలుపు చాలావరకు చికోరీదే. ప్యాకెట్ మీద ఎంత శాతం కాఫీయో, ఎంత చికోరీయో రాసి ఉంటుంది. చట్టం ప్రకారం కాఫీ 51 శాతానికి తగ్గకూడదు. పొద్దున్నకి నేను 80-20 వాడతాను. ఎండాకాలం మధ్యాహ్నాల్లో, చుట్టాలు వచ్చి మూడోసారి పెట్టాల్సి వచ్చినప్పుడు 60-40.

ఇంకో చిట్కా మా అమ్మది. ఇత్తడి ఫిల్టర్‌లో పొడి వేసి మూతతో మెల్లగా అదిమి, మరిగి ఒక్క నిమిషం ఆగిన నీళ్లు పోస్తుంది. గట్టిగా అదిమితే చుక్క దిగదు, అదమకపోతే నీళ్లు జారిపోయి పలచగా వస్తుంది. మొదట దిగిన డికాక్షన్ పొద్దున్నకి. అదే పొడి మీద మళ్లీ వేడినీళ్లు పోస్తే దిగే రెండో డికాక్షన్ మధ్యాహ్నానికి. అమ్మ అది పొదుపు కోసం చేసేది. కెఫీన్‌లో ఎక్కువ భాగం మొదటి నీళ్లతోనే దిగిపోతుందని ఆవిడకి తెలియదు, అయినా పని సరిగ్గానే చేసింది.

కొలెస్ట్రాల్ ఎక్కువ ఉన్నవాళ్లు నీళ్లలో పొడి వేసి మరిగించి పైపైన వడగట్టే కాఫీ తగ్గించండి. కాఫీ నూనెలో ఉండే కెఫెస్టాల్ చెడు కొలెస్ట్రాల్‌ని పెంచుతుంది. కాగితం ఫిల్టర్ దాన్ని ఆపుతుంది, మన లోహపు చిల్లులు అంతగా ఆపలేవు. రోజుకి ఒకటి రెండు గ్లాసులకి నేనైతే భయపడను, ఐదారు తాగేవాళ్లే ఆలోచించుకోవాలి.

అసలు తిప్పలు చక్కెరతో. వంటింటి తక్కెడ మీద మా ఇంటి స్పూనుని గోపురం కట్టి తూచాను, 7 గ్రాములు వచ్చింది. గ్లాసుకి రెండు, రోజుకి మూడు గ్లాసులు, మొత్తం 42. అన్ని రకాలుగా కలిపే చక్కెర 25 గ్రాముల లోపు ఉంటే మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంది. కాఫీతోనే అది దాటేశాం, స్వీట్లు ఇంకా మొదలవ్వనే లేదు. ఒక్కసారిగా మానొద్దు, నాలుక తిరగబడుతుంది. వారానికి పావు స్పూను తగ్గించండి. నాకు రెండు నుంచి అర స్పూనుకి రావడానికి ఆరు వారాలు పట్టింది. ఇప్పుడు ఎవరింట్లోనైనా మామూలు కాఫీ ఇస్తే పాయసంలా ఉంటుంది.

వేడి గురించి రెండు ముక్కలు. 2016లో ప్రపంచ ఆరోగ్య సంస్థ వారి క్యాన్సర్ పరిశోధన విభాగం కాఫీని అనుమానితుల జాబితాలోంచి తీసేసింది, కానీ 65 డిగ్రీలు దాటిన ఏ పానీయమైనా అన్నవాహికకి మంచిది కాదంది. ల్యాబ్‌లో వాడే థర్మామీటర్ ఒకటి ఇంటికి తెచ్చి చూశాను. కలపగానే 81. రెండు గ్లాసుల మధ్య నాలుగుసార్లు ఎత్తి తిరగబోస్తే 68. నురగ చూస్తూ రెండు నిమిషాలు కూర్చుంటే 63. మన పెద్దవాళ్లు తిరగబోసింది నురగ కోసమే కావచ్చు. ఆ థర్మామీటర్ మళ్లీ ల్యాబ్‌కి వెళ్లలేదు, కొత్తది కొనిచ్చాను.

రాత్రి నిద్ర, అత్తయ్యగారి కాఫీ

మా అత్తయ్యగారికి డెబ్బై నాలుగు. సాయంత్రం ఏడింటికి టీవీలో సీరియల్ మొదలవుతుంది, చేతిలో కాఫీ ఉండాలి. రాత్రి ఒంటిగంట దాకా మంచం మీద దొర్లడం, "ముసలితనం, నిద్ర ఎక్కడ పడుతుందే" అనడం. నిద్రమాత్ర దాకా వచ్చింది.

పొద్దుపోయేకొద్దీ మన మెదడులో అడినోసిన్ పేరుకుంటూ ఉంటుంది. ఇక పడుకో అని కబురు మోసేది అదే. కెఫీన్ వెళ్లి దాని కుర్చీలో కూర్చుంటుంది. కబురు వచ్చింది కానీ అందుకునే దారి లేదు. తాగిన కెఫీన్‌లో సగం కరగడానికి సుమారు ఐదు గంటలు పడుతుంది. ఏడింటికి 100 తాగితే అర్ధరాత్రికి 50 ఇంకా ఒంట్లోనే ఉంది. మనిషిని బట్టి ఇది మారుతుంది. "నేను తాగి వెంటనే పడుకుంటాను, నాకేం కాదు" అనేవాళ్లు ఉన్నారు. 2013లో వచ్చిన ఒక పరిశోధనలో, పడుకునే ఆరు గంటల ముందు 400 మిల్లీగ్రాములు తీసుకున్నవాళ్లకి గంటకి పైగా నిద్ర తగ్గింది.

అత్తయ్యగారికి చెబితే వినరని దొంగతనంగా మొదలుపెట్టాను. 60-40 పొడి, అదీ రెండో డికాక్షన్. ఒక్క గుక్క తాగి గ్లాసు కింద పెట్టి, "ఇది కాఫీయా, కుడితా?" అన్నారు. పట్టుబడ్డాను. దాంతో ఉన్నమాట చెప్పి బేరం ఆడాను. మంచి కాఫీ, మొదటి డికాక్షన్, మధ్యాహ్నం మూడున్నరకి. ఏడింటికి మిరియాల పాలు. వారం రోజులు మూతి ముడుచుకునే తాగారు. ఇప్పుడు పదిన్నరకల్లా గురక వినిపిస్తోంది. నిద్రమాత్ర కూడా డాక్టర్ని అడిగే మెల్లగా మాన్పించాం.

కాబట్టి ఆఖరి కాఫీకి, పడకకి మధ్య ఎనిమిది గంటలు ఉండేలా చూసుకోండి. నైట్ డ్యూటీ వాళ్లు గడియారం చూడకుండా తమ పడక వేళ నుంచి వెనక్కి లెక్కపెట్టుకోవాలి.

తగ్గించాలనుకుంటే

ఏకాదశి నాడు కాఫీ కూడా మానేసి మధ్యాహ్నానికి తల పట్టుకుని కూర్చునేవాళ్లని చూశారా? "ఉపవాసం, పైత్యం చేసింది" అంటారు. చాలావరకు అది కాఫీ లేని నొప్పి. ఆఖరి కాఫీ తాగిన 12 నుంచి 24 గంటల్లో మొదలై, ఒకటి రెండు రోజులు గట్టిగా ఉండి, వారం పది రోజుల్లో పోతుంది. ఒక్కసారిగా మానితేనే ఇంత బాధ. మూడు రోజులకోసారి పావు గ్లాసు డికాక్షన్ తగ్గించుకుంటూ రండి, తలకి తెలియకుండా దిగిపోతారు. ముందు సాయంత్రం కాఫీ మీద చెయ్యి వేయండి, పొద్దున్నది చివరికి ఉంచుకోండి.

కాఫీ తాగేవాళ్లలో షుగర్, లివర్ జబ్బులు, పార్కిన్సన్స్ కాస్త తక్కువగా కనిపిస్తాయని చాలా పరిశోధనల్లో ఉంది. అది చదివి అలవాటు లేనివాళ్లు మొదలుపెట్టక్కర్లేదు. వాళ్లు చూసిన కాఫీలో రెండు స్పూన్ల గోపురం చక్కెర ఉందో లేదో కూడా ఆలోచించండి.

రక్తపరీక్ష రోజు

ఫాస్టింగ్ అంటే మంచినీళ్లు తప్ప ఏమీ వద్దు. షుగర్‌కి కనీసం 8 గంటలు, కొలెస్ట్రాల్‌కి చెబితే 9 నుంచి 12. పాలూ చక్కెరా లేని బ్లాక్ కాఫీ కూడా వద్దు, కెఫీన్ వల్ల కూడా షుగర్ అంకె కాస్త కదలవచ్చు. పొరపాటున తాగేస్తే దాచకండి, చెప్పండి, మర్నాడు రమ్మంటాం. దాచి ఇచ్చిన రక్తానికి మందు పెంచేస్తే నష్టం మీకే. తిన్నాక రెండు గంటలకి ఇచ్చే పరీక్షకైతే టిఫిన్‌తో పాటు రోజూ తాగే కాఫీ తాగవచ్చు, కానీ మధ్యలో కూర్చుని కూర్చుని ఇంకోటి తాగొద్దు. బీపీ చూపించుకునేవాళ్లు ముందు అరగంట కాఫీ ముట్టకండి. నాలుగైదు పాయింట్లు పెరిగి కనిపిస్తుంది.

కాఫీ లేకపోతే తలనొప్పి వచ్చేవాళ్లకి ఒకటే మార్గం, ఫ్లాస్కు. మా దగ్గరికి మూడు నెలలకోసారి ఒక రిటైర్డ్ మాస్టారు వస్తారు. ఏళ్ల తరబడి "కాఫీ ఒక్కటే తాగానమ్మా" అని వెనక్కి వెళ్లిన మనిషి. నేనే చెప్పాను, పోసుకుని తెచ్చుకోండి, రక్తం ఇచ్చి ఇక్కడే తాగండి అని. మొన్న వచ్చినప్పుడు చేతి మీద దూది నొక్కి పట్టుకునే రెండో చేత్తో మూత తిప్పారు. నురగ పోయింది కానీ వాసన గది నిండా పరుచుకుంది. మూతలో సగం పోసి నా వైపు జరిపారు.

"నువ్వూ ఓ గుక్క తాగు తల్లీ."

గోడ గడియారం చూశాను. ఏడూ పది. వెనక గదిలో ఇడ్లీ తిని పది నిమిషాలు కూడా కాలేదు.

"ఎనిమిదిన్నర దాకా కూర్చుంటానంటే పోయండి మాస్టారూ" అన్నాను.